మోకాలి సూదికి జంకి ఐదు నెలలు పోగొట్టుకున్నాం

సంపాదకులు గారికి,

కీళ్లవాతం మీద మొన్న మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పక్కన చేతికర్రతో ఒక ముసలమ్మ బొమ్మ వేశారు. మా ఇంట్లో ఆ జబ్బు వచ్చింది డెబ్బై ఏళ్ల నాకు కాదు, నాలుగేళ్ల మనవరాలికి.

పొద్దున్నే మంచం దిగి, గోడ పట్టుకుని కుంటుతూ వచ్చేది. పది గంటలకల్లా మామూలుగా ఆడుకునేది. అంగన్‌వాడీకి ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తోందని ముందుగా అన్నది నేనే, ముప్పై ఏళ్లు పంతులుగా పనిచేసినవాణ్ని. స్నానం చేయిస్తూ మా ఆవిడ కనిపెట్టింది: కుడి మోకాలి చిప్పకు అటూ ఇటూ ఉన్న గుంటలు ఎడమ మోకాలికి లేవు, నిండుగా పూడిపోయి ఉన్నాయి. నొప్పి అని మాత్రం పిల్ల ఒక్కసారీ అనలేదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ తుంటికి ఏదో సూది వేశాడు. మూడు రోజులు బాగుంది, మళ్లీ మొదలు. చివరికి పిల్లల కీళ్ల డాక్టరు చూసి, పదహారేళ్లలోపు పిల్లలకు కీలు ఆరు వారాలకు మించి వాచి, వేరే కారణం తేలకపోతే అది పిల్లల్లో వచ్చే కీళ్లవాతమేనని, మోకాలిలోకే స్టెరాయిడ్ ఎక్కించాలని చెప్పారు. ఆ మాట వినగానే ఇల్లంతా అడ్డం తిరిగింది. పిల్ల ఉబ్బిపోతుందని, ఎదుగుదల ఆగిపోతుందని చెప్పని చుట్టం లేడు. ఐదు నెలలు పసర్లు, నూనెలు, కట్లు.

విడ్డూరం ఏమిటంటే, పేరు చెప్పకుండా తుంటికి వేసే నొప్పి సూదుల్లో తరచూ ఉండేదీ స్టెరాయిడే. అది ఒళ్లంతా పాకుతుంది. దానికి చెయ్యి చాచి, పేరు చెప్పి వాచిన కీలు వరకే వేస్తామన్న మందుకు పారిపోయాం. వాపు ఉన్నన్నాళ్లూ ఆ మోకాలి దగ్గర ఎముక తొందరగా పెరుగుతుందట. ఎడమ కాలు కాస్త పొడవైంది. ఎదుగుదలకు భయపడి ఆగినందుకు దక్కింది అదీ.

కొద్దిగా మత్తు ఇచ్చి, లేత పసుపు నీరు తీసి, అదే సూదిలోంచి మందు ఎక్కించారు. ఒకరోజు కాలికి విశ్రాంతి ఇవ్వమన్నారు. రెండో వారానికి గోడ పట్టుకోవడం మానేసింది. సూది దిగినచోట రూపాయి బిళ్లంత చర్మం తెల్లబడి పలచబడింది, దాచను. కొన్ని నెలల తర్వాత వాపు తిరగబెట్టవచ్చనీ చెప్పారు. ఈ జబ్బులో కళ్లు ఎర్రబడకుండానే లోపల వాపు రావచ్చని మూడు నెలలకోసారి కంటి పరీక్ష చేయిస్తున్నాం.

ఈ పనికి మేలైనది ట్రయామ్సినొలోన్ హెక్సాసిటోనైడ్ అనే స్టెరాయిడ్. నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఎక్కువ కాలం పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దాన్ని పిల్లల అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మాకది దొరకలేదు, అదే మందులో మరో రకమైన ట్రయామ్సినొలోన్ ఎసిటోనైడ్‌తో సరిపెట్టారు. ప్రభుత్వం హెక్సాసిటోనైడ్‌ను పెద్దాసుపత్రుల్లోనైనా ఉంచాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడుల్లో, అంగన్‌వాడీల్లో ముప్పై రకాల లోపాలు, జబ్బుల కోసం పిల్లల్ని పరీక్షిస్తుంది. ఆ జాబితాలో కీళ్లవాతం లేదు. చేర్చడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. పిల్లను గొంతుక్కూర్చుని లేవమనాలి, రెండు మోకాళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ చూపు పొద్దున పూటే చూడాలని కూడా ఆ బృందాలకు చెప్పండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బాపట్ల