ఈ ఏడాది మన బోర్డో ట్రిప్‌లో ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది

మాతో బోర్డో వచ్చి వెళ్లినవాళ్లకి, ఈసారి రావాలనుకుంటున్నవాళ్లకి నమస్కారం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరున్న బోర్డో ఊళ్లోనే ఉంటాను. నాలుగేళ్లుగా తెలుగు కుటుంబాలకు ఇక్కడ మూడు రోజుల ట్రిప్ ప్లాన్ చేసి, దగ్గరుండి చూపిస్తున్నాను. పారిస్, లండన్, డబ్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను తీసుకుని వస్తుంటారు. ఈ సీజన్ రేటెంత, ఖాళీలు ఎప్పుడున్నాయి అని నెల రోజులుగా చాలామంది అడుగుతున్నారు. ఆ వివరాలు చివర్లో రాశాను. కానీ ముందు పోయిన సెప్టెంబర్‌లో జరిగింది చెప్పాలి. అప్పుడు డబ్బు కట్టి ఇబ్బంది పడ్డవాళ్లకి తప్ప ఇంకెవరికీ నేను ఆ సంగతి చెప్పలేదు. చెప్పకుండా కొత్త ప్లాన్ అమ్మడం నాకు ఇష్టం లేదు.

అప్పటిదాకా మన ప్లాన్ శని, ఆది, సోమవారాలు. మొదటి రోజు ఊరు, రెండో రోజు మూడు షాతోలు (ద్రాక్ష తోట, వైన్ నిలవ చేసే సెల్లార్ ఉన్న ఎస్టేట్‌ని ఇక్కడ షాతో అంటారు), మూడో రోజు మార్కెట్, మ్యూజియం. కాగితం మీద చూస్తే బాగుంటుంది. ఆ ఆదివారం రెండు కుటుంబాలు, మొత్తం ఏడుగురితో వ్యాన్‌లో బయలుదేరాను. మొదటి షాతో బాగానే జరిగింది. దారిలో ఉండగా రెండో షాతో నుంచి ఫోన్: కోత మొదలైంది, ఈరోజు ఎవరినీ లోపలికి తీసుకోలేం అని. వాళ్ల తప్పు లేదు. సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా ఇక్కడ కోతల కాలం, పండు ఎప్పుడు పక్వానికి వస్తే అప్పుడే కోస్తారు. ఆ రోజులకి బుకింగ్ రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాల్సింది నేను. ఫోన్‌లో సరేనన్న మాట నమ్ముకుని ఊరుకున్నాను.

అప్పటికప్పుడు రోడ్డు పక్కన ఒక చోటికి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర నిలబెట్టి రెండు గుక్కలు పోసి పంపేశారు. మూడో షాతోకి చేరేసరికి సాయంత్రం నాలుగు. ఏడుగురిలో నలుగురు అసలు వైన్ ముట్టనివాళ్లు. సెల్లార్ వాకిట్లో రాతి బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లు, చెప్పులు విడిచి కాళ్లు చాపుకుని, దాదాపు గంటసేపు కూర్చున్నారు. నేను మంచినీళ్లు తీసుకెళ్లి ఇస్తే వాళ్లలో పెద్దావిడ అన్న మాట ఇది: "నిన్న సాయంత్రం ఆ నది ఒడ్డున ఇంకాసేపు కూర్చోనిచ్చి ఉంటే సరిపోయేది కదమ్మా." ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా బాధేసింది.

ఊళ్లోకి వచ్చేసరికి ఆరయింది. పిల్లలు ఆకలంటున్నారు. ఇక్కడ చాలా రెస్టారెంట్లలో మధ్యాహ్నం రెండుకి వంటిల్లు మూసేస్తే మళ్లీ తెరిచేది రాత్రి ఏడున్నరకే. మర్నాడు సోమవారం, కాపుసిన్ మార్కెట్‌కి సెలవు, అక్విటేన్ మ్యూజియంకి కూడా సెలవు. ఈ రెండూ నాకు తెలిసిన విషయాలే. లాంగ్ వీకెండ్‌కి సరిపోతుందని సోమవారాన్ని ప్లాన్‌లో పెట్టింది నేనే. ఆ ఏడుగురికీ తలా 60 యూరోలు వెనక్కి ఇచ్చాను. డబ్బు ఇచ్చేశాను కానీ వాళ్ల మూడు రోజుల సెలవు మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను.

తర్వాత చలికాలమంతా కూర్చుని, నాలుగేళ్లలో వచ్చిన గ్రూపుల నోట్స్ తిరగేశాను. ఎవరు ఎక్కడ సంతోషపడ్డారు, ఎక్కడ వాచీ చూసుకున్నారు అని. మూడో షాతో గుర్తుందని ఒక్కరూ అనలేదు. మొదటిది గుర్తుంది, ఊరు గుర్తుంది. అందుకని ఈ ఏడాది నుంచి ఒకే ఒక్క షాతో. మిగతా సమయమంతా ఊళ్లోనే. రోజులు కూడా శుక్ర, శని, ఆది.

ఈ వరస ఎందుకో చెప్తాను. శుక్రవారం షాతోల వాళ్లు పనిలో ఉంటారు, బుకింగ్ దొరుకుతుంది. ఆదివారాలు చాలా చోట్ల దొరకదు. శనివారం ఉదయం కాపుసిన్ మార్కెట్ కళకళలాడుతూ ఉంటుంది. ఆదివారం ఉదయం షార్త్రోన్ పేట దగ్గర నది గట్టు మీద సంత పెడతారు, అక్కడి నుంచి ట్రామ్‌లో సితే ద్యు వాన్‌కి కొద్ది నిమిషాలే. అది 2016లో తెరిచిన వైన్ మ్యూజియం, 55 మీటర్ల ఎత్తున్న వంపుల భవనం. టికెట్‌తో పాటే పై అంతస్తులో ఒక గ్లాసు ఇస్తారు, తాగనివాళ్లకి, పిల్లలకి ద్రాక్షరసం. అక్కడ ఎవరూ బయట బెంచీ మీద కూర్చోవాల్సిన పని ఉండదు. గరోన్ నది ఊరి పక్కన నెలవంకలా ఎలా వంగుతుందో పై నుంచి చూస్తే అర్థమవుతుంది. బోర్డో రేవుని 'చంద్రుడి రేవు' అనేది ఆ వంపు చూసే. 2007లో యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా ఆ పేరుతోనే.

ఇక ఆ ఒక్క షాతో గురించి. ఇది మార్చడానికి అసలు కారణం ఒక పెద్దాయన. రెండేళ్ల కిందట కూతురు, అల్లుడితో కలిసి వచ్చారు. హైదరాబాద్ పక్కన శామీర్‌పేట వైపు వాళ్లది, ఒకప్పుడు ఆరెకరాల ద్రాక్ష తోట ఉండేదట. అనాబ్ షాహీ రకం ద్రాక్ష పండించేవారు, రాతి స్తంభాలు పాతి, తీగలు లాగి, పందిరి వేసి. ఇప్పుడు అక్కడ ప్లాట్లున్నాయి. బోర్డో దగ్గర తోటల మధ్య ఉన్న సెయింట్ ఎమీలియోన్ ఊళ్లో మా గైడ్ అందరినీ సెల్లార్ వైపు తీసుకెళ్తుంటే ఈయన మాత్రం తోటలోనే ఉండిపోయారు. వెనక్కి వెళ్లి చూస్తే వరస మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఇక్కడ పందిరి ఉండదు, మొక్క మనిషి ఎత్తు దాటదు, గుత్తులు మోకాలి దగ్గర వేలాడుతుంటాయి, కాయ బఠాణీ అంత. ఆయన ఒక గుత్తి కింద చెయ్యి పెట్టి బరువు చూస్తున్నారు, తెంపలేదు. ఆకు తిప్పి చూశారు. ఆకు మీద నీలంగా ఎండిన మరకలు.

"ఇది మైలుతుత్తమే కదమ్మా?" అన్నారు. కాపర్ సల్ఫేట్‌ని మన రైతులు అనే మాట అది. అవునన్నాను. "మరి బోర్డో మిశ్రమం అంటే ఈ ఊరి పేరేనా?"

ముప్ఫై ఏళ్లు తన చేతులతో కలిపి చల్లిన మందు అది. వంద లీటర్ల నీళ్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మన దగ్గర నిమ్మ, బత్తాయి, తమలపాకు తోటలున్న ఏ రైతునడిగినా బోర్డో మిశ్రమం, బోర్డో పేస్ట్ అంటారు. ఆ పేరు ఒక ఊరిదని చాలామందికి తెలియదు. ఆ మందు పుట్టింది ఇక్కడికి ఉత్తరాన ఉన్న మెదోక్ అనే ద్రాక్ష తోటల ప్రాంతంలో. 1882లో మిలార్దే అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ అక్కడి సెయింట్ జూలియన్ ఊరి దగ్గర దారిన వెళ్తూ ఒక వింత చూశాడు. తోటలన్నీ బూజు తెగులుకి ఆకు రాల్చేస్తుంటే, రోడ్డు పక్క వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దారినపోయేవాళ్లు పళ్లు కోసుకు తినకుండా, విషంలా కనిపించాలని రైతులు వాటి మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. దొంగల కోసం చల్లింది తెగులుని ఆపింది. ఆయన దాని మీద ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు.

ఇదంతా నిలబడి చెప్తుంటే పెద్దాయన ఆ మట్టి కొంచెం చేతిలోకి తీసుకుని నలుపుతూ విన్నారు. తర్వాత ఆయన అడిగినవన్నీ రైతు అడిగే ప్రశ్నలే. నీళ్లు ఎన్ని రోజులకోసారి పెడతారు? (మామూలుగా అసలు పెట్టరు. "నీళ్లు పెట్టకుండానా!" అని నమ్మలేదు.) ఎకరాకి ఎంత దిగుబడి? (సెయింట్ ఎమీలియోన్ పేరు సీసా మీద వేసుకోవాలంటే ఒక హద్దు దాటి దిగుబడి తీయకూడదన్న నియమం ఉంది.) వరస చివర గులాబీ మొక్కలెందుకు? (బూడిద తెగులు గులాబీకి ముందు కనిపిస్తుందని వెనకటి నుంచి నాటుతున్నారు.) అక్కడ పనిచేస్తున్న ఒకతను ఆగి, కొమ్మ ఎక్కడ కత్తిరిస్తారో కత్తెర తీసి చూపించాడు. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి భాష లేదు. పావుగంట మాట్లాడుకున్నారు.

ఆయన వైన్ రుచి చూడలేదు. కానీ ఆ ట్రిప్‌లో అందరికంటే ఎక్కువ చూసి వెళ్లింది ఆయనే అని నేను నమ్ముతున్నాను. అందుకే ఈసారి సెయింట్ ఎమీలియోన్ దగ్గర ఒక చిన్న కుటుంబం నడిపే తోటతో మాట్లాడుకున్నాను. మామూలు విజిట్‌లో తోటలో పది నిమిషాలు, సెల్లార్‌లో, టేస్టింగ్‌లో గంట. మనకి తోటలోనే గంట ఇస్తామన్నారు, అదీ రాతపూర్వకంగా. తర్వాత సెల్లార్, ఇష్టమున్నవాళ్లకి టేస్టింగ్. అక్కడ ఉమ్మడానికి పాత్ర పెడతారు. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ మర్యాద తక్కువేమీ కాదు, వైన్ చేసేవాళ్లే అలా చేస్తారు. ఈ విషయం ముందు చెప్పకపోవడం వల్ల ఒకరిద్దరు మొహమాటానికి మింగేసి ఇబ్బంది పడ్డారు.

ఆ తోటలకి ఇప్పుడు గడ్డుకాలం అని కూడా మీకు తెలియాలి. వైన్ తాగేవాళ్లు తగ్గి, ధర పడిపోయి, 2023 నుంచి బోర్డో చుట్టుపక్కల వేల హెక్టార్ల తోటలు పరిహారం తీసుకుని పీకేస్తున్నారు. దారిలో మొదళ్లు కుప్పలు పోసి కనిపిస్తాయి. పెద్ద పేరున్న చోటికి కాక చిన్న తోటకి తీసుకెళ్తున్నానంటే అదీ ఒక కారణమే.

సెయింట్ ఎమీలియోన్‌కి బోర్డో సాన్ జాన్ స్టేషన్ నుంచి రైలులో అరగంట పైన పడుతుంది. స్టేషన్ నుంచి ఊరికి తోటల మధ్య ఇరవై నిమిషాల నడక. ఊళ్లో కొండరాయిని తొలిచి కట్టిన చర్చి ఉంది, చూసి తీరాలి. కానీ అక్కడికి దిగే సందులు నిటారుగా, నున్నటి రాళ్లతో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మలకి అవి కష్టం. ఇదివరకు ఈ మాట నేను గట్టిగా చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను: స్టేషన్ నుంచి పెద్దవాళ్లకి కారు పెడతాను, దిగలేనివాళ్లతో నేను పైనే, గంట గోపురం దగ్గర కూర్చుంటాను. అక్కడి నుంచే ఊరంతా కనిపిస్తుంది. అందరూ బూట్లు వేసుకురండి.

ఇంకో క్షమాపణ. మా ప్రకటనల్లో నీటి అద్దం ఫొటో పెడతాను కదా, నది ఒడ్డున బుర్స్ కూడలి భవనాలు నీళ్లలో తలకిందులుగా మెరుస్తూ ఉండేది. 2006లో కట్టారు, 3,450 చదరపు మీటర్ల గ్రానైట్ పలకల మీద రెండే సెంటీమీటర్ల నీళ్లు. కాసేపటికి నీళ్లు ఇంకిపోయి పొగమంచులా ఆవిరి లేస్తుంది, పిల్లలు అందులో పరుగులు పెడతారు. చలికాలంలో దాన్ని ఆపేస్తారు. డిసెంబర్‌లో వచ్చిన ఒక జంట ఆ ఫొటో చూసే బుక్ చేసుకున్నారు, తీరా చూస్తే పొడి రాతి నేల. ఆ ఫొటో కింద ఇప్పుడు నెలలు రాశాను. చలికాలం ట్రిప్‌లు మానేశాను కూడా.

తిండి సంగతి. బుకింగ్ అప్పుడు "వెజ్" అని రాస్తే చాలనుకునేదాన్ని. కానలే అని ఇక్కడి ప్రత్యేకమైన చిన్న కేకు ఉంది, పైన కరకరలాడుతూ లోపల జున్నులా ఉంటుంది. అందులో గుడ్డు పచ్చసొన, రమ్ము రెండూ ఉంటాయి. వైన్ తేటపరచడానికి గుడ్డు తెల్లసొన వాడే పద్ధతి కూడా ఇక్కడ పాతదే. మిగిలిన పచ్చసొనతోనే కానలే పుట్టిందని ఊళ్లో చెప్పుకుంటారు. గుడ్డు ముట్టని ఒకావిడకి ఈ విషయం తిన్నాక తెలిసింది. ఇకమీదట గుడ్డు తింటారా, రమ్ము కలిసినవి తింటారా అని విడివిడిగా అడుగుతాను, విసుక్కోకండి. బస హోటల్‌లో కాదు, వంటిల్లున్న అపార్ట్‌మెంట్‌లో. శనివారం మార్కెట్లో కూరగాయలు కొనుక్కొచ్చి వండుకోవచ్చు. రైస్ కుక్కర్, పోపు సామాను నేను పెడతాను. ఊరగాయ మాత్రం మీరే తెచ్చుకోండి.

ఇక లెక్కలు. పోయినేడు మనిషికి 290 యూరోలు తీసుకున్నాను. ఈసారి 270. రెండు షాతోల ఫీజు, వ్యాన్ అద్దె తగ్గాయి. పెద్దవాళ్ల కారు, తోటలో అదనపు గంట కలిశాయి. బస, ఊళ్లో ట్రామ్, సెయింట్ ఎమీలియోన్ రైలు, టికెట్లు, షాతో అన్నీ అందులోనే. బోర్డో దాకా ప్రయాణం మీదే. పారిస్ మోంపార్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ (వేగంగా వెళ్లే రైలు) రెండు గంటల పైన కొద్ది నిమిషాలు, టికెట్ ఎంత ముందు కొంటే అంత చవక. విమానంలో వచ్చేవాళ్లకి ఎయిర్‌పోర్ట్ నుంచి ఇప్పుడు ట్రామ్ 'A' లైన్ నేరుగా ఊళ్లోకి ఉంది.

మే, జూన్‌లలో నాలుగు వారాంతాలు, జులైలో ఒకటి, అక్టోబర్ చివర రెండు. ఒక్కో దానికి ఎనిమిది మందికి మించి తీసుకోను. సెప్టెంబర్‌లో ఒక్కటీ పెట్టలేదు, అడిగినా పెట్టను. పాత ప్లాన్ చూసి అడ్వాన్స్ కట్టినవాళ్లు ముగ్గురున్నారు. మూడు షాతోలే కావాలంటే నొచ్చుకోకుండా చెప్పండి, మొత్తం వెనక్కి పంపిస్తాను. శామీర్‌పేట పెద్దాయన కూతురు మొన్న ఫోన్ చేసింది. నాన్నగారు మేలో మళ్లీ వస్తున్నారట, ఈసారి తమ్ముడిని కూడా వెంటబెట్టుకుని. మే నెల రెండో వారాంతంలో రెండు చోట్లు వాళ్లకి అట్టిపెట్టాను, ఇంకా ఆరు ఉన్నాయి.