ఫిల్టరు దగ్గర పొదుపు వద్దు బావా

రావులపాలెం

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ, పిల్లలు క్షేమంగా ఉన్నారని చదివి సంతోషించాను. సెకండ్‌హ్యాండులో కొన్న బండితో భీమవరం నుంచి హౌరాకు చేపల లోడు మొదలుపెట్టావన్న కబురు ఇంకా సంతోషం కలిగించింది. ఉత్తరం చివర ఒక్క వాక్యంలో అడిగి వదిలేశావు గానీ, నాకు ఆ ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమనిపించింది. ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు దాన్ని వడకట్టడానికి కంపెనీ ఫిల్టరే వేయాలా, దుకాణంవాడు సగం ధరకు ఇస్తానంటున్న లోకల్ ఫిల్టరు వేస్తే సరిపోదా అని అడిగావు. సరిపోదు బావా. ఫిల్టరు దగ్గర నీకు మిగిలేది వందల్లో ఉంటుంది. ఇంజన్ విప్పాల్సి వస్తే ఖర్చు లక్ష దాటుతుంది. పైగా బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయి రాదు, కిస్తీ మాత్రం ఆగదు. ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపికగా చదువు.

ఇంజన్ సవ్యంగా నడుస్తున్నప్పుడు పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంకు షాఫ్టు, దాన్ని మోసే బేరింగు ఒకదాన్నొకటి తాకవు. రెండింటి మధ్య ఆయిల్ పొర ఉంటుంది. లోడు మీద ఉన్నప్పుడు ఆ పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అందువల్ల కంటికి కనిపించే నలుసుకన్నా కనిపించని నలుసే బేరింగుకు ఎక్కువ హాని చేస్తుంది. పెద్దది ఆ సందులోకి దూరలేదు, మరీ సన్నది ఆయిల్‌తో పాటు దాటిపోతుంది. పొర మందానికి దగ్గరగా ఉన్నది మాత్రం రెండు లోహాల మధ్య ఇరుక్కుని గీసుకుంటూ పోతుంది. ఫిల్టరు పట్టవలసింది ముఖ్యంగా ఇటువంటి వాటినే.

దుకాణంలో ‘ఇది కూడా 20 మైక్రాన్ల ఫిల్టరే’ అని చెబుతారు. ఆ అంకె ఒక్కదాన్ని నమ్మవద్దు. ఫిల్టర్ల పనితనాన్ని కొలవడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పెట్టిన 4548-12 అనే పరీక్ష ఉంది. ఫలానా పరిమాణంలోని నలుసులు లోపలికి ఎన్ని వెళ్లాయి, బయటికి ఎన్ని వచ్చాయి అని లెక్కగట్టి, ఆ నిష్పత్తిని బీటా అంటారు. 20 మైక్రాన్ల దగ్గర బీటా 75 అంటే 75 నలుసుల్లో ఒక్కటే దాటిందని అర్థం, అంటే 98.7 శాతం ఆగిపోయాయి. బీటా 2 అంటే సగం దాటిపోయాయి. రెండు డబ్బాల మీదా 20 అనే రాసుకోవచ్చు, కానీ ఇంజన్‌కు రెండూ ఒకటి కావు. పేరున్న కంపెనీలు ఈ వివరాన్ని కేటలాగులో ఇస్తాయి. అడిగితే చెప్పలేని సరుకు నీ బండికి వద్దు.

అసలు చిక్కు ఏమిటంటే ఫిల్టరు మంచిచెడ్డలన్నీ రేకు డబ్బా లోపల ఉంటాయి, కొనేవాడికి రంగు మాత్రమే కనిపిస్తుంది. ఈ మధ్య షెడ్డులో రెండు పాత ఫిల్టర్లను పక్కపక్కన పెట్టి కోసి చూశాం. బయటికి రెండూ ఒకే ఎత్తు, చేతిలో బరువు కూడా దాదాపు ఒకటే. మొదటిదానిలో కాగితం మడతలు చుట్టూ ఒకే ఎడంతో ఉన్నాయి, పైనా కిందా మూతల అంచు పొడవునా జిగురు పట్టి ఉంది, మధ్య గొట్టం వేళ్ల మధ్య నొక్కినా కదలలేదు, లోపలి రబ్బరు డయాఫ్రం వంచి వదిలితే తిరిగి తన చోటికి వచ్చింది. రెండోదానిలో మడతలు లెక్కపెడితే బాగా తక్కువ. అవి కూడా కొన్నిచోట్ల ఒకదానికొకటి అతుక్కుపోయి, కొన్నిచోట్ల విచ్చుకుని ఉన్నాయి. కాగితం రెండు కొసలూ కలిసే అతుకు దగ్గర జిగురు వదిలి, అగ్గిపుల్ల దూరేంత సందు ఏర్పడింది. ఇక రబ్బరు వేడికి బిగుసుకుపోయి, వేలితో వంచగానే ఫెళ్లున చిట్లింది. ఆ సందు ఉన్నాక కాగితం ఎంత మంచిదైనా లాభం లేదు. అడ్డు లేని దారి దొరికితే ఆయిల్ మురికితో సహా అటే పోతుంది.

ఆ రబ్బరు పని కూడా చెబుతాను, ఎందుకంటే దీని గురించి చాలామంది ఓనర్లకు తెలియదు. ఫిల్టరును పక్కకో తలకిందులుగానో బిగించే ఇంజన్లలో, బండి ఆపిన తరువాత ఫిల్టరులోని ఆయిల్ వెనక్కి సంపులోకి, అంటే ఇంజన్ అడుగునున్న ఆయిల్ తొట్టిలోకి, జారిపోకుండా పట్టి ఉంచేది అదే. అది పాడైతే తెల్లవారి స్టార్టు చేసినప్పుడు ముందు ఖాళీ ఫిల్టరు నిండాలి, ఆ తరువాతే బేరింగులకు ఆయిల్ చేరాలి. ఆ కొద్ది సెకన్లూ లోహం లోహాన్ని రాసుకుంటుంది, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో షాఫ్టు కూడా తడి లేకుండా తిరుగుతుంది. స్టార్టు చేశాక ఆయిల్ లైటు ఆరడానికి మునుపటికన్నా ఎక్కువ సేపు పడుతుంటే ఈ అనుమానం రావాలి.

దీనికన్నా ముఖ్యమైనది బైపాస్ వాల్వు. ఫిల్టరు మూసుకుపోయినప్పుడు గానీ, చలిలో ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు గానీ, కాగితానికి ఇటూ అటూ ఒత్తిడిలో తేడా పెరుగుతుంది. అప్పుడు ఈ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే ఇంజన్‌కు పంపుతుంది, ఎందుకంటే ఆయిల్ అసలే అందకపోవడంకన్నా మురికి ఆయిల్ అందడం నయం. ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో ఒక్కో ఇంజన్‌కు ఒక్కో లెక్క ఉంటుంది. స్ప్రింగు నాసిరకమైతే వాల్వు ముందే తెరుచుకుని, ఫిల్టరు ఉండి కూడా లేనట్టే అవుతుంది. స్ప్రింగు మరీ బిగువైతే తెరుచుకోవలసిన సమయంలో తెరుచుకోక కాగితం చిరుగుతుంది, లేదా మధ్య గొట్టం నలిగిపోతుంది. ఇంకొక సంగతి గుర్తుంచుకో. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు ఫిల్టరులో కాక, ఫిల్టరు బిగించే హెడ్డులోనే ఉంటుంది. అటువంటి ఇంజన్‌కు చేసిన ఫిల్టరును త్రెడ్డు (బిగించే మర) సరిపోయింది కదా అని వేరే ఇంజన్‌కు బిగిస్తే, అక్కడ వాల్వు అన్నదే లేకుండా పోతుంది. త్రెడ్డు పట్టినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్టు కాదు. పార్టు నంబరు కలవాలి.

నిరుడు వానాకాలంలో అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో బయలుదేరిన ఒక బండి హైవే మీద ఆగిపోతే, లాగించి మా షెడ్డుకు తెచ్చారు. పిస్టను రాడ్డు క్రాంకు షాఫ్టును పట్టుకునే చోటి బిగ్ ఎండ్ బేరింగుల మీద పైపొర అరిగి రాగి రంగు తేలింది, షాఫ్టు మీద బేరింగు కూర్చునే ఒక జర్నల్ మీద గోరు ఆనితే తగిలేంత లోతున గీతలు పడ్డాయి. ఫిల్టరు కోస్తే మధ్య గొట్టం నలిగిపోయి, కాగితం ఒక వైపు చిరిగి ఉంది. ఆయిల్ మార్చే గడువు కూడా దాటింది కనుక తప్పంతా ఫిల్టరుదే అనను. కానీ గడువు దాటిన రోజున కూడా మంచి ఫిల్టరు అలా నలిగిపోదు. ఆ ఓనరు బిల్లు తీసుకోలేదు, కాబట్టి దుకాణంవాడిని నిలదీయడానికి ఆధారం కూడా లేకపోయింది. అతని ముఖం చూసిన తరువాత ఈ విషయంలో నేను ఎవరికీ మెత్తగా చెప్పడం మానేశాను.

మన ప్రాంతంలో బండి నడిచే తీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇసుక ర్యాంపు దగ్గర వరుసలో, మండపేట రైసుమిల్లుల ముందు, నీకైతే చేపలు ఐసులో ప్యాకింగు అయ్యేదాకా, ఇంజన్ ఆన్‌లో ఉండి బండి నిలబడే ఉంటుంది. కిలోమీటర్లు పెరగవు, ఆయిల్‌లో మసి మాత్రం పెరుగుతుంది. అందుకని కిలోమీటర్లతో పాటు ఇంజన్ నడిచిన గంటలు కూడా రాసి పెట్టించు. నీ బండి 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) రకం కాబట్టి ఇంకో మాట. ఈ బండ్లలో చాలావాటికి పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు ఉంటుంది, దానివల్ల ఆయిల్‌కు మసి భారం ఎక్కువ. విడివిడి మసి రేణువు ఒక మైక్రానుకన్నా సన్నగా ఉంటుంది, దాన్ని ఏ కాగితమూ పట్టలేదు. అవి గుంపు కట్టకుండా చూడవలసింది ఆయిల్‌లోని మందులే. కనుక మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్ తప్ప వేరేది పోయించవద్దు. కొత్త బండ్లలో ఆయిల్ మార్చే గడువు బాగా పెరిగింది కాబట్టి, మడతలు తక్కువ ఉన్న చవక ఫిల్టరు ఆ గడువు తీరకముందే నిండిపోయి, మిగతా కాలం బైపాస్ మీదే నడవవచ్చు. ర్యాంపు దుమ్ము, మిల్లుల ఊక దుమ్ము విషయంలో ఎయిర్ ఫిల్టరు గొట్టం క్లిప్పులు కూడా చూపించు. అక్కడ లోపలికి వచ్చిన ఇసుక మొదట పిస్టన్లు కదిలే గొట్టాలను, అంటే లైనర్లను, అరగదీసి, తరువాత ఆయిల్‌లోకే చేరుతుంది.

కంపెనీది అంటే బండి కంపెనీ డబ్బాలో వచ్చేదే కానక్కరలేదు. బండి కంపెనీలకు ఫిల్టర్లు చేసి ఇచ్చే ఫ్లీట్‌గార్డ్, మాన్, మాలే వంటివి సొంత పేరుతో కూడా అమ్ముతాయి. పార్టు నంబరు కలిస్తే అవి వేసుకోవచ్చు. భయపడవలసింది వాటి పేరుతో వచ్చే డూప్లికేట్ సరుకుకే. అచ్చు మసకగా ఉన్నా, డబ్బా మీది నంబరు, ఫిల్టరు మీది నంబరు వేరుగా ఉన్నా, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం లేకపోయినా తిరిగి ఇచ్చెయ్యి. జీఎస్టీ బిల్లు మీద పార్టు నంబరు రాయించుకో. వాడేసిన ఫిల్టరుకు చిల్లు పెట్టి, అట్టపెట్టె చింపి పారేయించు; ఖాళీ పెట్టెలు కొనుక్కుని అందులో నాసి సరుకు నింపి అమ్మేవారు ఉన్నారు.

బిగించేటప్పుడు నువ్వు దగ్గర ఉంటే మంచిది. పాత రబ్బరు రింగు ఒక్కోసారి హెడ్డుకే అంటుకుని ఉండిపోతుంది. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్మి, కొద్ది నిమిషాల్లో సంపు ఖాళీ అవుతుంది. కొత్త రింగుకు ఆయిల్ రాసి, అది హెడ్డును తాకిన తరువాత చేత్తో ముప్పావు చుట్టు నుంచి ఒక చుట్టు వరకు బిగిస్తే చాలును, కచ్చితమైన లెక్క డబ్బా మీదే రాసి ఉంటుంది. ముందుగా ఆయిల్ నింపమని మాన్యువల్ చెబితే, అంచు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి పోయించు. మధ్య పెద్ద రంధ్రంలో పోస్తే ఆ ఆయిల్ వడకట్టకుండానే నేరుగా బేరింగులకు పోతుంది. తీసిన ఆయిల్‌ను మాత్రం కాలువ గట్టున పారబోయనివ్వకు బావా. ఆ నీళ్లే మన చేలకూ చెరువులకూ వెళ్తాయి. డ్రమ్ములో పట్టి, రీసైక్లింగు అనుమతి ఉన్నవాళ్లకే ఇప్పించు.

ఇప్పుడు నువ్వు చేయవలసింది రెండే పనులు. ఇంజన్ మీది ప్లేటును స్పష్టంగా ఫొటో తీసి పంపు. దాన్నిబట్టి సరైన పార్టు నంబరు నేను రాసి పంపుతాను. ఈసారి ఆయిల్ మార్చినప్పుడు తీసిన ఫిల్టరును ఒక రాత్రి బోర్లించి ఆయిల్ కారనిచ్చి, కవరులో చుట్టి తీసుకురా. హాక్‌సా బ్లేడుతో అక్కడే కోయించవద్దు, రంపపు పొడి మడతల్లో పడితే ఏది ఇంజన్‌దో ఏది రంపానిదో తెలియదు. నా దగ్గర ఫిల్టరు కోసే కట్టరు ఉంది. మడతలు పరిచి అయస్కాంతం పెడదాం. అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా మెరిస్తే బేరింగు లోహమో పిస్టను అల్యూమినియమో అయి ఉంటుంది. ముందు ఓనరు ఆ బండిని ఎలా నడిపాడో అప్పుడు తెలుస్తుంది. ఆదివారం తప్ప ఏ రోజు వచ్చినా షెడ్డులోనే ఉంటాను.

ఇట్లు,
నీ మిత్రుడు