బాసెల్ (స్విట్జర్లాండ్) నుంచి అమ్మకు

ఆదివారం రాత్రి

ప్రియమైన అమ్మకు, ప్రభువు నామమున వందనాలు.

నేను బాగున్నాను. డ్యూటీ మామూలే, చెప్పడానికేం లేదు. జలుబు తగ్గింది.

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి జవాబు చెప్పకుండా తమ్ముడికి ఇవ్వమన్నానని కోపంగా ఉన్నావట. "కాలొక చోట, మనిషొక చోట. ప్రభువు వచ్చే రోజున మీ నాన్న సమాధిలోంచి ఎట్లా లేస్తాడే?" అన్నావు. ఆ కాలు తీయడానికి ఫోన్‌లో ఒప్పుకున్నది నేను. నాకు నోరు పెగల్లేదమ్మా.

ఒక్క మాట చెప్పి ఆ సంగతి వదిలేస్తాను. డాక్టర్ నాకిచ్చింది గంట టైము. విషం పైకి పాకుతోందన్నాడు. వద్దంటే తర్వాతి నాలుగు నెలలు కూడా మనకు దక్కేవి కావు. రోజూ పొద్దున్నే నీ చేత కీర్తనలు చదివించుకున్నది ఆ నాలుగు నెలల్లోనే కదా. ఇంకెప్పుడూ ఇది ఎత్తను, నువ్వూ ఎత్తకు.

నిన్న సెలవైతే కోల్మార్ వెళ్లాను. సరిహద్దు దాటితే ఫ్రాన్స్, రైల్లో ముప్పావు గంట. అక్కడి మ్యూజియంలో గ్రూనెవాల్డ్ అనే ఆయన 1512 - 1516 మధ్య వేసిన పెద్ద పెద్ద చెక్క పలకల బొమ్మలున్నాయి. ఇసెన్‌హైమ్ అనే ఊళ్లో సన్యాసుల మఠం కోసం వేశాడు. ఆ మఠమే ఆసుపత్రి కూడా. రై అనే ధాన్యానికి ఒక రకం బూజు పట్టేదట. దాంతో చేసిన రొట్టె తిన్నవాళ్లకు ఒళ్లంతా మంట, పుళ్లు, వేళ్లూ కాళ్లూ నల్లబడి కుళ్లిపోవడం. చివరికి కోసెయ్యాల్సి వచ్చేది. అలాంటి రోగుల్ని ఈ బొమ్మల ముందుకు తీసుకొచ్చేవారట.

సిలువ మీద ప్రభువును మనం కేలండర్లలో చూసినట్టు వెయ్యలేదమ్మా. ఒళ్లంతా ఆ రోగుల పుళ్లే. చర్మం పచ్చబడిపోయింది, వేళ్లు కొంకర్లు పోయాయి. నేను రోజూ పుళ్లు కడిగేదాన్నే, అయినా తల తిప్పుకున్నాను. దాని కింద ఇంకో పొడుగాటి బొమ్మ, సమాధిలో పెట్టబోయే ముందు ఆయన్ను పడుకోబెట్టినది. అది రెండు పలకలు. వాటిని చెరో పక్కకు జరిపితే ప్రభువు ఒళ్లొక పక్కకు, కాళ్లొక పక్కకు పోయేవని గైడు చెప్పింది. కాళ్లు పోయిన రోగులు చూస్తారనే అలా గీశాడని కొందరంటారట. నాకు నీ మాటే చెవిలో మోగింది. పక్కన బెంచీ ఉంటే కూర్చుండిపోయాను.

మామూలు రోజుల్లో ఆ సిలువే కనబడేదట. పండుగ రోజుల్లో రెక్కలు తెరిస్తే లోపల పునరుత్థానం. చీకట్లో పెద్ద పసుపు వెలుగు గుండ్రంగా, కావలివాళ్లు బోర్లా పడిపోయి ఉంటారు. ఆయన చేతులెత్తి నిలబడ్డాడు. ఒంటి మీద ఒక్క పుండు లేదమ్మా. పసిపిల్లల ఒళ్లులా ఉంది. మేకుల గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిలోంచి కూడా వెలుగే. రోగం పోయింది, గుర్తు మిగిలింది. శిష్యుడు తోమాను వేలు పెట్టి చూడమన్నది ఆ గుర్తులనే కదా.

ఒక్కటి నచ్చలేదు. ఆ వెలుగులో ముఖం కరిగిపోయినట్టుంటుంది. నాన్న అలా లేస్తే నాకొద్దు. నాకు ఆ ముక్కూ, ఆ పెద్ద చెవులే కావాలి.

ఇక్కడ బాసెల్ మ్యూజియంలో ఇంకో బొమ్మ ఉంది, హోల్బైన్ అనే చిత్రకారుడిది, సమాధిలో ప్రభువు శవం. మనిషంత పొడుగు, అడుగు ఎత్తు. నోరూ కళ్లూ తెరుచుకుని ఉంటాయి. నాన్న భూస్థాపన వీడియోలో చూసిన నెలకు తెలియక దాని ముందుకు వెళ్లాను. రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. అది నీకు ఫొటో పంపను, అడగకు.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? తమ్ముడు వేసుకుంటోందనే అంటాడు, వాడు చూడ్డు.

ఇంటికొచ్చి మొదటి కొరింథీ 15 మళ్లీ చదివాను. నీ ప్రశ్న అందులో ఉంది: "వారెట్టి శరీరముతో వత్తురు?" వెంటనే పౌలు "ఓ అవివేకీ" అన్నాడు, నువ్వు మనసుకు తీసుకోకు. కాలు ఎక్కడుందని ఆయన లెక్క అడగలేదు. విత్తనం మాట చెప్పాడు, అంతే. గింజ ఎలా పాతామో మొక్క అలా రాదు కదా. లూకాలో ప్రభువు కాల్చిన చేప ముక్క తిన్నాడు, అంటే లేచింది ఒట్టి నీడ కాదు, ఒళ్లే. మగ్దలేనే మరియ మాత్రం చూసి కూడా తోటమాలి అనుకుంది. "మరియా" అని పిలిచాకే గుర్తుపట్టింది. నన్ను నాన్న ఒక్కడే పిలిచే పేరుందిగా. దాంతో పిలిస్తే ముఖం సంగతి నేను సర్దుకుంటాను.

లాజరు సమాధి దగ్గర, లేపబోతున్నానని తెలిసి కూడా, ప్రభువు ఏడ్చాడు. కాబట్టి నిన్ను ఏడవొద్దని ఎవరన్నా అంటే, అయ్యగారైనా సరే, వినకు.

నాన్న సమాధి రాయి మీద వాక్యం సంగతి. నువ్వు "పునరుత్థానమును జీవమును నేనే" అన్నావు, తమ్ముడు "మంచి పోరాటము పోరాడితిని" అంటున్నాడు. వాడిది బాగుంది కానీ నాన్న అలా తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. నాకైతే "బలహీనమైనదిగా విత్తబడి బలమైనదిగా లేపబడును" చెక్కిస్తే బాగుంటుంది. నీకు ఇష్టం లేకపోతే నీదే పెట్టించు, నేనేం అనుకోను. ఏది పెట్టినా ముందు కాగితం మీద రాయించి ఫొటో పంపమను. పేరులో పోయినసారి కార్డులో వచ్చినట్టు తప్పు రాకూడదు.

డబ్బు మంగళవారం వేస్తాను.

నీ కూతురు