కమిటీ గదిలో జనరల్ గారు

సంపాదకుడు గారికి నమస్కారం.

మాజీ సైనికులకు పార్టీలు మరిన్ని ఎంపీ టికెట్లు ఇవ్వాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నేను సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో హవల్దారుగా చేసి ఇంటికొచ్చినవాణ్ణి, కాబట్టి ఆ మాటకు సంతోషించాలి. కానీ నాకు ముందు మేజర్ జనరల్ భువన్ చంద్ర ఖండూరి గుర్తొచ్చారు.

ఆయనా ఇంజనీర్ల కోర్ మనిషే. 1990లో రిటైరై, మరుసటి ఏడాదే ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ నుంచి బీజేపీ ఎంపీ అయ్యారు. 1996లో ఓడారు, 1998లో మళ్లీ గెలిచారు. వాజ్‌పేయి హయాంలో రోడ్ల శాఖ ఆయన చేతికొచ్చింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి రహదారి పని ఊపందుకున్నది ఆ రోజుల్లోనే. మన చెన్నై–కోల్‌కతా హైవే అందులోదే. నేను సెలవు మీద వచ్చినప్పుడు ఏలూరులో ఎక్కిన బస్సు ఒక ఇసుక లారీ వెనక పడిందంటే ఇక అంతే. డ్రైవరు తల బయటికి పెట్టి చూడటం, కొంచెం దూరడం, ఎదురు బస్సు హారన్ కొట్టగానే మళ్లీ వెనక్కి తగ్గడం. తణుకు వచ్చేసరికి ట్రంకుపెట్టె మీద వేలు పెట్టి పేరు రాసుకునేంత దుమ్ము. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు.

తర్వాత ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యాక మాత్రం ఆయన పటాలం పద్ధతి అక్కడ అంతగా చెల్లలేదు. సొంత ఎమ్మెల్యేలే ఢిల్లీకి ఫిర్యాదులు మోశారు. 2009లో రాష్ట్రంలోని అయిదు లోక్‌సభ సీట్లూ పార్టీకి పోవడంతో దిగిపోయారు. 2011లో పార్టీయే మళ్లీ పిలిచి కూర్చోబెట్టింది. 2012లో ఆయన పేరు మీదే అసెంబ్లీ ఎన్నికలకు వెళితే కోట్‌ద్వార్‌లో ఆయనే ఓడిపోయారు.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి కథ. 2014లో మళ్లీ గెలిచి, రక్షణ శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘానికి, అంటే ఆ శాఖ బడ్జెట్‌ను పరిశీలించే ఎంపీల కమిటీకి, ఛైర్మన్ అయ్యారు. ఆ సంఘం 2018 మార్చిలో ఇచ్చిన నివేదికను మా మాజీ సైనికులం నలుగురం ప్రింటు తీయించి చదివాం. సైన్యం ఉప అధిపతి సంఘం ముందు చెప్పిన లెక్కలు అందులో ఉన్నాయి. మన ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతకాలపుది, 24 శాతం ఇప్పటిది, అత్యాధునికమైనది 8 శాతమే. ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే నడుస్తున్న 125 పథకాలకు కట్టాల్సిన బాకీయే 29,033 కోట్లు. పాత బాకీకే చాలని డబ్బుతో కొత్త తుపాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? మాలో ఒకాయన 68 కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీశాడు.

కేంద్రంలో ఉన్నది ఛైర్మన్ గారి సొంత పార్టీ. అయినా ఆ లెక్కలు నివేదికలోకి ఎక్కాయి. అదే ఏడాది సెప్టెంబరులో సంఘాలను కొత్తగా వేసినప్పుడు ఆ కుర్చీ బీజేపీ ఎంపీ కల్‌రాజ్ మిశ్రాకు వెళ్లింది. ఈ సంఘాలను ఏటా కొత్తగా ఏర్పాటు చేస్తారు కాబట్టి కాగితం మీద తప్పు పట్టడానికేమీ లేదు. నిజం రాసినందుకే తప్పించారని ప్రతిపక్షం అంది. ఎవరి మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, మాకు మాత్రం బాగా అనిపించలేదు.

ఎన్నికలు వచ్చాయంటే ఫ్లెక్సీల మీద జవాన్ల బొమ్మలు వేస్తారు. అలా వాడొద్దని 2019లో ఎన్నికల సంఘమే పార్టీలకు గుర్తు చేయాల్సి వచ్చింది. యూనిఫాం తొడిగిన బొమ్మ ప్రశ్న వేయదు కదా, అందుకే అందరికీ ముద్దు. యూనిఫాం విప్పి వచ్చిన మనిషి కమిటీ గదిలో కూర్చుని బడ్జెట్ కాగితం తిరగేస్తే మాత్రం ఇబ్బంది. ఇంకా ఎంతమంది మాజీ సైనికులకు టికెట్లు ఇచ్చినా, ఏడాది తిరిగేసరికి కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలియని చోట వాళ్లు మాత్రం ఎంతకని అడుగుతారు? ఛైర్మన్‌కు ఆ లోక్‌సభ ఉన్నంతకాలం పదవి ఉండేలా నిబంధన మార్చాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీలు, ఏ పార్టీ వారైనా సరే, ఈ మాట సభలో ఎత్తాలి.

మీకూ ఒక విన్నపం. రక్షణ సంఘం నివేదిక వచ్చిన ప్రతిసారీ అందులోని నాలుగు అంకెలైనా తెలుగులో వేయండి. ఇంగ్లీషు నివేదిక చదివి పెట్టడానికి మా కాలేజీ మనవళ్లను ప్రతిసారీ బతిమాలుకోవాల్సి వస్తోంది.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
తాడేపల్లిగూడెం మండలం