ఆడపోలీసుల చరిత్ర 1972లో మొదలవలేదు

ఎడిటర్ గారికి నమస్కారం. మహిళా దినోత్సవం నాడు లేడీ కానిస్టేబుళ్ల మీద మీ పేపర్లో అరపేజీ వేశారు, సంతోషమే, కానీ అందులో మన దేశంలో ఆడవాళ్లు పోలీసు శాఖలోకి వచ్చింది 1972లో కిరణ్ బేడీతోనే అన్నట్టు రాసేశారు. ఎవరైనా సవరణ రాస్తారేమోనని ఇన్ని రోజులు చూశాను, ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నా.

కిరణ్ బేడీ గారు మొదటి మహిళా ఐపీఎస్, అది ఎవరూ కాదనరు. కానీ 1933లోనే ట్రావెన్‌కోర్ సంస్థానంలో (ఇప్పటి కేరళ) కమలమ్మ గారు పోలీసులో చేరారు. 1938లో కాన్పూర్ మిల్లుల సమ్మె అప్పుడు గేట్ల దగ్గర అడ్డం నిలబడ్డ ఆడ కార్మికుల మీద మగ పోలీసులు చెయ్యి వేయలేరు కాబట్టి ఆడవాళ్లని పోలీసులోకి తీసుకున్నారు. అవసరం పడి పిలిచారండీ, గౌరవం కొద్దీ ఎవరూ పిలవలేదు. 1973 అక్టోబర్‌లో కోళికోడ్‌లో దేశంలోనే మొదటి మహిళా పోలీస్ స్టేషన్ పెడితే ఇందిరాగాంధీ గారే వచ్చి ప్రారంభించారు. 1986లో సీఆర్‌పీఎఫ్ మహిళా బెటాలియన్ పుట్టింది, 2007లో మన ఆడవాళ్ల దళం ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియా వెళ్లింది. వీటిలో ఒక్కటైనా మీ అరపేజీలో ఉందా? పెద్ద ఆఫీసర్ అయితే తప్ప చరిత్రలోకి ఎక్కరా?

మన దగ్గరి సంగతీ చెప్పాలి. ఆంధ్రా క్యాడర్‌కి చెందిన అరుణా బహుగుణ గారు 2014లో హైదరాబాద్‌లోని నేషనల్ పోలీస్ అకాడమీకి మొదటి మహిళా డైరెక్టర్ అయ్యారు. అదే ఏడాది, ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ వచ్చాయి. అదే హైదరాబాద్ సిటీలో మాత్రం ఒక లా అండ్ ఆర్డర్ స్టేషన్‌కి మహిళా ఇన్‌స్పెక్టర్‌ని ఎస్‌హెచ్‌ఓగా, అంటే స్టేషన్ ఇన్‌చార్జిగా, వేయడానికి 2022 మార్చి 8 దాకా పట్టింది, లాలాగూడలో. అన్నేళ్లు ఏం చేశారో ఎవరూ అడగరు.

మా ఆడపడుచు కూతురు కానిస్టేబుల్, వేరే జిల్లాలో. 800 మీటర్లు పరుగెత్తి, లాంగ్ జంప్, షాట్‌పుట్ అన్నీ గెలిచి వచ్చిన పిల్ల. జాతర బందోబస్తు పడితే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది, ఎందుకంటే అక్కడ ఆడవాళ్లకి బాత్రూం ఉండదు, దగ్గర్లో ఎవరింటికన్నా వెళ్లి అడగాలి. యూనిఫాంలో ఉండి తలుపు కొట్టి అత్తా ఒక్కసారి బాత్రూం అని అడగడం ఎంత నామోషీగా ఉంటుందో అది చెప్తుంటే మా ఇంట్లో అందరం తల దించుకున్నాం. వాళ్ల స్టేషన్లో బట్టలు మార్చుకునే గది రికార్డుల గదే, బయట ఇంకో అమ్మాయి కాపలా నిలబడాలి. డాక్టర్ దగ్గరికి వెళ్తే యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నాడు, లీవ్ అడిగితే సిబ్బంది తక్కువ అన్నారు.

తక్కువ ఎందుకున్నారు? 33 శాతం ఆడవాళ్లుండాలని కేంద్రం 2009లోనే రాష్ట్రాలకి చెప్పింది, 2022 జనవరి నాటికి దేశం మొత్తం మీద 12 శాతం కూడా లేరు. ఆడమనిషిని సోదా చేయాలంటే ఆడవాళ్లే ఉండాలి, అత్యాచారం కేసులో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలని 2013లో చట్టం మార్చారు. ఉన్న ఇద్దరు ముగ్గురే రాత్రి పగలు ఈ పనులన్నీ చేయాలి, మిగతా టైంలో రిసెప్షన్ కుర్చీ. కేసు దర్యాప్తు నేర్పించమని అడిగితే నీకెందుకమ్మా అంటారట. చట్టాలు చేసేవాళ్లకి, నోటిఫికేషన్లు ఏళ్లకేళ్లు నాన్చేవాళ్లకి ఇది పట్టదు. ఏ ఆఫీసైనా ఇంతే, ఫ్లెక్సీ కట్టడానికి డబ్బులుంటాయి, బాత్రూంకి తలుపు పెట్టడానికి ఉండవు. మార్చి 8న గులాబీ పువ్వు ఇచ్చి ఫోటో దిగుతారు, మీరూ ఆ ఫోటోనే వేస్తారు.

మీ విలేకరులు మండలానికొక స్టేషన్‌కైనా వెళ్లి ఎంతమంది ఆడపోలీసులున్నారు, వాళ్లకి వేరే గది ఉందా, బాత్రూంలో నీళ్లొస్తున్నాయా, దర్యాప్తు ఎంతమందికి ఇచ్చారు అని రాసుకొచ్చి స్టేషన్ పేరుతో సహా వేయండి. వేసే ముందు ఆ 1972 ముక్కకి సవరణ కూడా వేయండి.

– ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం