సామాను వచ్చింది, తాళాలు రాలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో ఆఫీసుల్లో వాడే సెర్చ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. మెయిళ్ళు, ఫైళ్ళు, కస్టమర్ల ఫిర్యాదులు నమోదయ్యే టికెట్లు, చాట్‌లు ఏవైనా సరే ఒకేచోట టైప్ చేస్తే దొరికిపోతాయని, పది అప్లికేషన్లు తెరిచి వెతుక్కునే తిప్పలు తప్పుతాయని రాశారు. తప్పుతాయి, కాదనను. నేను బతికేదే ఆ పని మీద. వేరేవాళ్ళు తయారుచేసిన అప్లికేషన్లలో ఉన్న డేటాని తెచ్చి సెర్చ్ ప్లాట్‌ఫాంకి కలపడం. అలా తెచ్చిపెట్టే ప్రోగ్రాం పేరు కనెక్టర్, ఈ పనిని మేం కనెక్టర్ పెట్టడం అంటాం. ఆ వ్యాసంలో రాకుండా పోయిన సంగతి ఒకటుంది, అది రాద్దామని కూర్చున్నాను. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

చాలామంది అనుకునేదేమిటంటే, మనం మాట టైప్ చెయ్యగానే సెర్చ్ అప్పటికప్పుడు అన్ని అప్లికేషన్లలోకీ వెళ్ళి వెతికి వస్తుందని. అలా వెళితే జవాబు వచ్చేలోపు అడిగినవాడు లేచి వెళ్ళిపోతాడు. అది ముందే ఒక్కో అప్లికేషన్‌లోకీ వెళ్ళి, ఉన్నదంతా చదివి, ఏ మాట ఏ పత్రంలో ఉందో రాసిపెట్టుకుంటుంది. పుస్తకం చివర ఉండే పదసూచి లాంటిదే, దాన్ని ఇండెక్స్ అంటారు. 1999లో డగ్ కటింగ్ రాసిన ల్యూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ దగ్గర్నించి, దాని మీద కట్టిన సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ దాకా లోపల జరిగేది ఇదే. వెతకడం ఎప్పుడో చేతికొచ్చిన విద్య. తలనొప్పి అంతా తెచ్చి కలిపే దగ్గరే.

నేను ఇదివరకు పనిచేసిన ఒక ఆఫీసులో సెర్చ్ మొదలుపెట్టి వారం అయిందో లేదో, ఒకమ్మాయి "ఇంక్రిమెంట్" అని కొట్టింది, ఇంక్రిమెంట్ రూల్స్ ఎక్కడున్నాయో చూద్దామని. రెండో వరసలో ఒక ఎక్సెల్ ఫైలు పేరొచ్చింది. దాని కింద బూడిదరంగు అక్షరాల్లో ఫైలు లోపలి ముక్క రెండు లైన్లు. ఆ రెండు లైన్లలో ఇద్దరి పేర్లు, పక్కన వాళ్ళ జీతాలు. ఫైలు మీద నొక్కితే మాత్రం "మీకు అనుమతి లేదు" అని వచ్చింది, మహా పకడ్బందీగా! తను నన్ను పిలిచి, స్క్రీన్ చూపించి, "అన్నా, ఇది నేను చూడొచ్చా?" అంది. ఆ అమ్మాయి మంచిది కాబట్టి అడిగింది. అడక్కుండా చూసుకుని ఊరుకున్నవాళ్ళు ఎంతమందో ఎవరికి తెలుసు.

తప్పు ఎక్కడంటే, కనెక్టర్‌కి మేం ఇచ్చింది అన్నీ చదవగలిగే అడ్మిన్ అకౌంట్. అది అడ్మిన్ కళ్ళతో చదువుకుంటూ పోయింది, చదివిందంతా ఇండెక్స్‌లో పెట్టింది. ఈ ఫైలు ఎవరెవరు చూడొచ్చు అనే జాబితా అసలు అప్లికేషన్‌లో భద్రంగానే ఉంది, దాన్ని మాత్రం మేం తేలేదు. ఇల్లు మారేటప్పుడు బీరువాలో బట్టలు నగలు అన్నీ మూటగట్టి తెచ్చుకుని బీరువాని అక్కడే వదిలేసినట్టు.

ఆ జాబితాని తేవడం వినడానికి చిన్న పనే. చేస్తే తెలుస్తుంది. ఫైళ్ళ అప్లికేషన్‌లో మనిషిని మెయిల్ ఐడీతో గుర్తుపడతారు, టికెట్ల అప్లికేషన్‌లో పొట్టి యూజర్ నేమ్, ఇంకోదాంట్లో ఒట్టి నంబరు, ఈ మూడూ ఒక్కరేనని సెర్చ్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. దానికితోడు గ్రూపులో గ్రూపు, ఆ గ్రూపులో ఇంకో గ్రూపు. ఒకాయన ఉదయం 11 గంటలకి హెచ్‌ఆర్ టీం నుంచి సేల్స్‌కి మారాడనుకోండి, గ్రూపుల వివరాలు రాత్రికి గానీ సింక్ కాకపోతే అప్పటిదాకా ఆయనకి హెచ్‌ఆర్ ఫైళ్ళన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఫైలు మారలేదు కదా, మారింది మనిషి, అందుకని కనెక్టర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. జాబితాని నమ్మకుండా, ఫలితాలు చూపించే ముందు ఒక్కొక్కదానికీ అసలు అప్లికేషన్‌నే "ఈయన చూడొచ్చా" అని అడిగే పద్ధతి కూడా ఉంది. అది తాజాగా ఉంటుంది, కానీ నెమ్మది. జాబితాతో వడకట్టి, పైకి వచ్చిన పదింటికి మాత్రం మళ్ళీ అడగడం నాకు నచ్చిన దారి. జాబితా చదవడం కుదరకపోతే ఆ పత్రం ఎవరికీ చూపించకూడదు, ఇందులో మాత్రం నేను మొండివాణ్ణి. దొరకలేదని వచ్చే కంప్లయింట్‌కి సారీ చెప్పి సరిచెయ్యొచ్చు. చూసేసిన జీతాన్ని ఎవరి బుర్రలోంచి తీసేస్తాం?

ఇక చెరిపేసిన ఫైళ్ళు. కనెక్టర్ రోజూ వెళ్ళి అడిగేది, "నేను కిందటిసారి వచ్చాక ఏమేం మారాయి?" అని. చెరిపేసిన ఫైలు నేను మారాను అని చెప్పదు, అది లేదుగా. చెరిపేసినవాటి చిట్టా ఇచ్చే అప్లికేషన్లు కొన్ని ఉన్నాయి, ఇవ్వనివాటితో చచ్చినట్టు అప్పుడప్పుడూ మొత్తం జాబితా తెప్పించుకుని ఇండెక్స్‌తో పోల్చి చూడాలి. చాలామంది అది ఎగ్గొడతారు. ఎందుకంటే బయటి అప్లికేషన్లు ఇన్ని సార్లకి మించి అడగొద్దని పరిమితి పెడతాయి, మించితే 429 అనే కోడ్ తిరిగొస్తుంది, కాసేపు ఆగి రమ్మని. 20 లక్షల పత్రాలుండి, ఒక్కోదాన్నీ విడిగా అడగాల్సొస్తే, సెకనుకి పదే అనుమతిస్తే ఒక్క చుట్టుకే 55 గంటలు దాటుతుంది. సరే వచ్చే నెల చూద్దాంలే అంటారు. ఆ నెల రాదు. కస్టమర్ తన వివరాలు తీసేయమంటే అసలు అప్లికేషన్‌లో తీసేసి "తీసేశామండీ" అని మెయిల్ పెడతారు, సెర్చ్‌లో కొడితే ఆయన పేరు, ఫోన్ నంబరు నిక్షేపంగా వస్తాయి.

ఇంకో ఆఫీసులో కనెక్టర్‌ని ఒక ఉద్యోగి తన సొంత అకౌంట్‌తో కలిపాడు, తొందరలో. ఆయన మానేశాడు, అకౌంట్ మూసేశారు, దాంతోపాటు కనెక్టర్ చేతిలో ఉన్న టోకెన్, అంటే లోపలికి రానిచ్చే డిజిటల్ తాళంచెవి కూడా పనికిరాకుండా పోయింది. సెర్చ్ మాత్రం పాత డేటాతో హాయిగా జవాబులిస్తూనే ఉంది! మూడు వారాల తర్వాత "కొత్త టికెట్లు రావట్లేదేంటి" అని ఎవరో అడిగితే గానీ బయటపడలేదు. లాగ్, అంటే కనెక్టర్ చేసిన పనుల చిట్టా, తెరిస్తే ఒకటే ఎర్రర్, గంటకోసారి, వరసగా. చూసేవాళ్ళు లేరంతే. ఆగిపోతే ఫోన్‌కి మెసేజ్ రావాలి, మనిషి పేరు మీద కాకుండా ఆ పనికోసమే తీసిన అకౌంట్ ఉండాలి, ఇవి రెండూ ఒక పూటలో అయ్యే పనులు.

తెలుగువాళ్ళకి ఒక చిన్న చికాకు అదనం. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతాం, కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ నంబరిచ్చే యూనికోడ్‌లో దాని నంబరు 200సి. ఒక అప్లికేషన్‌లో అది ఉండి, వెతికేవాడు అది లేకుండా కొడితే, రెంటినీ ఒకటిగా చూడమని ముందే చెప్పి ఉండకపోతే, ఫలితం సున్నా. డేటా రాలేదని కనెక్టర్ పెట్టినవాణ్ణి తిడతారు. నన్ను తిట్టారు.

ఇప్పుడు ఇదే ఇండెక్స్‌కి ఏఐ అసిస్టెంట్లని తగిలిస్తున్నారు. నాకు అసలు టెన్షన్ అక్కడ. ఇదివరకు చూడకూడనిది నాలుగో పేజీలో పడుంటే ఎవరూ అంతదాకా వెళ్ళేవారు కాదు. అసిస్టెంట్ వెళుతుంది, తవ్వి తీసి చక్కటి వాక్యంలో పెట్టి మరీ ఇస్తుంది. తమాషా ఏమిటంటే, ఇక్కడ కనెక్టర్ తప్పు లేకపోయినా నష్టం జరుగుతుంది. ఎప్పుడో ఎవరో తొందరలో "లింకు ఉన్నవాళ్ళందరూ చూడొచ్చు" అని పెట్టి మర్చిపోయిన ఫైలుకి, లింకు ఎవరికీ తెలియకపోవడమే ఇన్నాళ్ళూ తాళం. కనెక్టర్ దాన్ని "అందరికీ" అని చదువుకుంటే ఆ తాళం పోయినట్టే. అందుకని కలపకముందే అసలు అప్లికేషన్‌లో ఎవరెవరికి ఏమేం తెరిచి ఉన్నాయో ఒకసారి చూసుకోమనండి. అమ్మేవాళ్ళు ఇది చెప్పరు, డెమోలో ఎప్పుడూ అడ్మిన్ అకౌంటే ఉంటుంది, అన్నీ దొరుకుతాయి, అందరూ చప్పట్లు కొడతారు.

సెర్చ్ మీద మళ్ళీ రాసేటప్పుడు మీ రచయిత ఈ వైపు కూడా చూస్తే సంతోషిస్తాను. ఆ అమ్మాయి పిలిచిన రోజు నుంచి నేను చేసేది ఒకటుంది. కొత్త కనెక్టర్ పెట్టాక, అందరికీ తెరిచేముందు, ఏ అధికారాలూ లేని మామూలు ఉద్యోగి అకౌంట్‌తో లాగిన్ అయి "జీతం", "రాజీనామా", "పాస్‌వర్డ్" అని మూడు మాటలు కొడతాను, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఆ అకౌంట్‌కి రాకూడనిది ఒక్కటి వచ్చినా ఆన్ చెయ్యను. పోయిన నెల ఒకచోట రెండు వారాలు ఆపాను, మేనేజర్‌కి ఇంకా కోపంగానే ఉంది.

ఇట్లు,
కనెక్టర్లు పెట్టుకునే ఒక పాఠకుడు