‘సీసా ల్యాబ్‌కు పంపితే తేలుతుంది’ అనేవారికి

సంపాదకులకు,

టీకా సూది వేయించిన మర్నాడు పిల్ల ఒళ్లు కాలిపోతే, టీకా పాడైందన్న అనుమానంతో ఊళ్లో వెంటనే వినిపించే మాట: ‘సీసా ల్యాబ్‌కు పంపండి, రెండ్రోజుల్ల తేలిపోతది.’ తేలదు. అసలు ఆ జ్వరం ఎక్కువగా కోరింత దగ్గు భాగం వల్ల వచ్చేది. టీకా సత్తువ తగ్గిందనడానికి అది గుర్తు కాదు.

6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ అర మిల్లీలీటరులో కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే ఒక బ్యాక్టీరియా) టీకాలు ఐదూ ఉంటాయి. ఐదింటి సత్తువకూ కొలబద్ద ఒకటి కాదు. కోరింత దగ్గు భాగానికి చిట్టెలుకలే దిక్కు. పరీక్షించే టీకాను, ప్రామాణిక టీకాను మూడేసి పలుచని మోతాదుల్లో వేర్వేరు గుంపులకు పొట్టలోకి ఎక్కిస్తారు. రెండు వారాలాగి బ్యాక్టీరియాను నేరుగా మెదడులోకి ఎక్కిస్తారు. మరో 14 రోజులు ఎన్ని బతికాయో లెక్కపెడతారు. ఆ లెక్కన సత్తువ డోసుకు కనీసం 4 అంతర్జాతీయ యూనిట్లు రావాలి. ఎలుకల జాతి, బ్యాక్టీరియా మోతాదు, సూది పట్టిన చెయ్యి... ఏది తేడా కొట్టినా లెక్క చెల్లదు, ఇంకో నెల.

కలపడంతో వచ్చే చిక్కులు వేరే. ధనుర్వాతం భాగాన్ని ఎలుకల్లో చూస్తే, పక్కనున్న కోరింత దగ్గు కణాలు స్పందనను ఎగదోసి అంకెను పెంచేస్తాయి. అందుకే గినీ పందుల్లో 40 యూనిట్లు చాలన్న చోట ఎలుకల్లో 60 అడుగుతారు. హెపటైటిస్-బి భాగాన్ని ఎలైజా అనే ల్యాబ్ పరీక్షతో కొలుద్దామంటే అది టీకాలో కలిపే అల్యూమినియం లవణానికి అతుక్కుని ఉంటుంది. విడదీయబోతే దెబ్బతినవచ్చు, వదిలేస్తే కొంత లెక్కకు రాదు. హిబ్ టీకా అంటే ప్రోటీన్‌కు అతికించిన చక్కెర గొలుసు, దానికి రసాయన పరీక్షే: చక్కెర గొలుసు ఎంతుంది, ప్రోటీన్ నుంచి ఎంత ఊడిపోయింది అని.

ఇదంతా బ్యాచ్ బయటికి రాకముందు జరిగే పని. సగం వాడిన సీసాతో అయ్యేది కాదు.

ములుగు, భూపాలపల్లి పీహెచ్‌సీల్లో చూడగలిగింది ఒకటుంది: టీకా గడ్డకట్టిందా అని. గడ్డకడితే సత్తువ పోతుంది, సీసా మీది వీవీఎం (రంగు మారే గుర్తు) మాత్రం వేడినే పట్టిస్తుంది. అనుమానం వస్తే అదే కంపెనీ, అదే బ్యాచ్‌కు చెందిన మరో సీసాను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, పూర్తిగా కరిగించాలి. దాన్నీ, అనుమానపు సీసానూ కలిపి పట్టుకుని పది పదిహేను సెకన్లు ఊపి, బల్ల మీద అరగంట పక్కపక్కన ఉంచాలి. అనుమానపు సీసాలోనూ తెల్లటి మడ్డి అంతే వేగంగా దిగి పైన నీళ్లు తేరితే దాన్ని వాడొద్దు. అన్నట్టు, ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి, అప్పటిదాకా టీకాలు మోసే క్యారియర్ పెట్టెలో పెట్టొద్దు. మన దగ్గర ఆదిలాబాద్ చలికన్నా టీకాకు ఆ తొందరే ఎక్కువ చేటు.

– ఒక ఫార్మసీ అధ్యాపకుడు, హనుమకొండ